5,000 లోపు పెన్ ట్యాబ్లెట్: ఫొటో రీటచింగ్‌కీ బొమ్మలకీ ఒకటే సరిపోతుందా?

లేయర్‌మాస్క్
పెళ్లి ఆల్బమ్‌ల రీటచింగ్ అంతా ఇప్పటిదాకా మౌస్‌తోనే. ఇక పెన్ ట్యాబ్లెట్‌కి (పెన్నుతో గీస్తే కంప్యూటర్‌లో గీత పడే పలక) మారాలి. బడ్జెట్ 5,000, గట్టిగా లాగితే 6,000. పని రెండు రకాలు. ఫొటోషాప్‌లో చర్మం శుభ్రం చేయడం, జుట్టు, పూలజడ మాస్కింగ్ (వెనకున్నదాని నుంచి విడదీయడం) ఒకటి. క్రిటాలో బొమ్మలు, తెలుగు టైటిల్ లెటరింగ్ రెండోది. ఇప్పుడున్నది 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, త్వరలో 24 అంగుళాల మానిటర్ తగిలిస్తా. విండోస్ 10.
చూసిపెట్టుకున్నవి మూడు: వన్ బై వేకామ్ స్మాల్ (సీటీఎల్-472), హ్యూయాన్ హెచ్640పీ, ఎక్స్‌పీ-పెన్ డెకో 01 వీ2. వేకామ్‌లో ప్రెషర్ లెవెల్స్ (పెన్ను నొక్కుడులో గుర్తించే మెట్లు) 2048, మిగతా రెండింట్లో 8192. నాలుగు రెట్లు తేడా కదా, మరి అందరూ వేకామే కొనమంటారెందుకు? షాపుల్లో డబ్బా విప్పి చూపించేవాళ్లు లేరు.

కాకినాడ_కుంచె
వేకామ్ కొనెయ్. డ్రైవర్ (పలకని కంప్యూటర్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) గొడవ ఉండదు, పెన్ను ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మిగతావి చూడక్కర్లేదు.

సున్నాచుట్టు
లెటరింగ్ కూడా ఉందంటున్నారుగా. స్మాల్ సైజు వద్దే వద్దు. తెలుగు అక్షరం అంతా గుండ్రమే, చిన్న పలక మీద మణికట్టుతో తిప్పితే థ, ఠ, ళ లాంటివి నలిగిపోతాయి.

పిక్సెల్_పంతులు
ముందు లెవెల్స్ సంగతి తేల్చుకుందాం, సగం మంది డబ్బు వృథా చేసేది అక్కడే.
8 బిట్ ఫొటోలో ఒక్కో రంగు ఛానల్‌కి ఉండేవే 256 మెట్లు. ప్రెషర్‌తో ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడాలో) నడిపిస్తే 2048 అంటేనే దానికి ఎనిమిది రెట్లు. సైజు నడిపిస్తే, 100 పిక్సెళ్ల బ్రష్‌కి ఒక్కో పిక్సెల్ వెడల్పుకీ 20 మెట్లు దొరుకుతాయి. 8192 అయితే 80. ఆ తేడా చేతికీ తెలియదు, కంటికీ కనపడదు. ఎల్‌పీఐ (పలక ఒక అంగుళంలో గుర్తించే గీతలు) కూడా అంతే. 2540 అంటే మిల్లీమీటరుకి 100 బిందువులు. 152 మిల్లీమీటర్ల పలక మీద 15,200 వస్తాయి, మీ స్క్రీన్ వెడల్పు 1920 పిక్సెళ్లే. 5080 రాసి ఉందని అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.
డబ్బా మీద పెద్దగా రాయనివి, నిజంగా చూడాల్సినవి మూడు. ఒకటి, గీత మొదలవడానికి పెన్ను ఎంత నొక్కాలి. రెండు, నెమ్మదిగా ఏటవాలు గీత గీస్తే వణుకుతుందా. మూడు, పలక వెడల్పుకీ మీ మానిటర్ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి.

ఓరుగల్లు_రీటచ్
పంతులు గారు చెప్పిన మూడోదే అసలు ముచ్చట. నేను లెక్క రాస్తా చూడుండ్రి.
15.6 అంగుళాల స్క్రీన్ వెడల్పు సుమారు 345 మి.మీ. 24 అంగుళాలది 531 మి.మీ.
సీటీఎల్-472 గీసే భాగం 152 × 95 మి.మీ. ల్యాప్‌టాప్ మీద చెయ్యి 1 మి.మీ. కదిలితే కర్సర్ 2.3 మి.మీ. పోతది, 24 మానిటర్ మీద 3.5 మి.మీ.
హెచ్640పీ 160 × 100. దాదాపు అంతే, 2.2, 3.3.
డెకో 01 వీ2 254 × 159. 1.4, 2.1.
చెయ్యి వణికితే ఆ వణుకు కూడా గంతే పెరుగుతది. రీటచింగ్‌ల అది పెద్ద ఇబ్బంది కాదు, 100 శాతం జూమ్ చేసి చిన్న చిన్న తావుల్లనే పని చేస్తం కదా. స్క్రీన్ ఆ మూల నుంచి ఈ మూలకి తక్కువ కదలికతో పోవచ్చు, భుజం నొప్పి లేదు. ఒట్టి రీటచింగ్ అయితే స్మాల్ చాలు, నేనైతే అదే తీసుకొమ్మంట. కానీ బొమ్మలు, లెటరింగ్ కూడా అంటున్నరు. 24 మానిటర్ వచ్చినంక 3.5 రెట్లు అంటే పొడుగు గీతల్ల తెలిసిపోతది.

బొమ్మలక్క
@ఓరుగల్లు_రీటచ్ లెక్క సరిగ్గా ఉంది తమ్ముడూ. నేను దీనికి ఒక మాట కలుపుతా: పెద్ద పలకని డ్రైవర్‌లో చిన్నది చేసుకోవచ్చు, చిన్నదాన్ని పెద్దది చేయలేం. డెకో 01 లాంటి 10 అంగుళాల పలకలో వర్కింగ్ ఏరియాని 160 మి.మీ.కి కుదించి రీటచింగ్ చేసుకుని, బొమ్మలప్పుడు మొత్తం వాడుకోవచ్చు.
దాని లోపం ఒకటే, టేబుల్ మీద చోటు. పలక పొడవు 35 సెంటీమీటర్లు దాటుతుంది. కీబోర్డు ముందు పెడితే చేతులు చాచి టైప్ చేయాలి, పక్కన పెడితే ఒళ్లు తిప్పి గీయాలి. కొనేముందు అదే సైజులో అట్టముక్క కత్తిరించి టేబుల్ మీద పెట్టి చూడండి.

కాకినాడ_కుంచె
సైజే కావాలంటే వన్ బై వేకామ్ మీడియం ఉందిగా, సీటీఎల్-672, 216 × 135. 24 మానిటర్‌కి 2.5 రెట్లు వస్తుంది.

లేయర్‌మాస్క్
మీడియం చూశాను, నా బడ్జెట్ దాటుతోంది. అయితే స్మాల్ వేకామా, పెద్ద ఎక్స్‌పీ-పెన్నా అన్నదే మిగిలిందన్నమాట. వేకామ్‌లో పలక మీద బటన్లు లేవు కదా, రీటచింగ్‌లో అది లోటా?

ఓరుగల్లు_రీటచ్
ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఉంటే లోటు లేదు. పెన్ను మీద రెండు స్విచ్‌లు ఉంటయి. కింది స్విచ్‌ని రైట్ క్లిక్ చేసుకోండ్రి. విండోస్ ఫొటోషాప్‌ల ఆల్ట్ పట్టుకుని రైట్ క్లిక్‌తో అడ్డంగ లాగితే బ్రష్ సైజు, నిలువుగ లాగితే అంచు మెత్తదనం మారుతయి. స్క్వేర్ బ్రాకెట్ కీలు కొట్టే పనే ఉండదు. మచ్చలు తీసే హీలింగ్‌కి, క్లోన్ స్టాంప్‌కి ఆల్ట్ ఎట్లాగూ కావాలె.
కీబోర్డు దూరంగ ఉంటే మాత్రం బటన్లున్న పలక మంచిది. నాలుగు చాలు: ఆల్ట్, స్పేస్, అన్‌డూ, ఎక్స్. మాస్క్ మీద నలుపు తెలుపు మార్చనీకె ఎక్స్.

కేబుల్_చిట్టి
తీగ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. సీటీఎల్-472, హెచ్640పీ రెండూ మైక్రో యూఎస్‌బీ. డెకో 01 వీ2 టైప్-సీ. బాగుకి వచ్చే పలకల్లో ఎక్కువగా పోయేది ఆ సాకెట్టే, లోపలి బోర్డు కాదు. పలకని ఒళ్లో పెట్టుకుని తీగ వంచి లాగితే మైక్రో సాకెట్ టంకం ఊడుతుంది. తీగని పలక వెనక వైపు ఒక అంగుళం వదులుంచి టేపుతో అంటించేస్తే లాగుడు సాకెట్ మీద పడదు. టైప్-సీ అయినా ఇదే చేయండి.

కొత్తచేయి
పెన్నులో బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది? మార్చుకోవచ్చా?

పిక్సెల్_పంతులు
@కొత్తచేయి పైన చెప్పిన మూడింట్లోనూ పెన్నుకి బ్యాటరీ లేదు. పలక కింద ఉన్న తీగల వల అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, పెన్నులోని చిన్న కాయిల్ దాన్ని అందుకుని తిరిగి సంకేతం పంపుతుంది. నొక్కిన కొద్దీ ఆ సంకేతం మారుతుంది. పెన్ను పలకకి తాకక్కర్లేదు, సుమారు 10 మి.మీ. ఎత్తు నుంచే కర్సర్ కదులుతుంది.
ఇందువల్ల రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇనప టేబుల్ మీద పలక పెడితే కర్సర్ పక్కకి జరగొచ్చు, గెంతొచ్చు. ఒక అట్టో, చెక్కపలకో కింద వేయాలి. అలాగే ల్యాప్‌టాప్ రెండు పిన్నుల చార్జర్ మీద ఉన్నప్పుడు గీత వణికి, చార్జర్ తీయగానే ఆగిపోతే తప్పు పలకది కాదు, కరెంటుది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల చార్జర్ వాడాలి. ఫోను పలక మీద పెట్టకూడదు.

కేబుల్_చిట్టి
సెకండ్ హ్యాండ్‌లో మాత్రం చార్జింగ్ పెన్నులు తగులుతుంటాయి, హ్యూయాన్ హెచ్610 ప్రో మొదటి వెర్షన్ లాంటివి. లోపలి సెల్ చచ్చిందంటే పెన్ను చచ్చినట్టే. వీ2 అని ఉన్నదే తీసుకోవాలి.

లేయర్‌మాస్క్
సెకండ్ హ్యాండ్ ఆలోచన నాకూ ఉంది. పాత వేకామ్ బాంబూలు 1,500కి కనిపిస్తున్నాయి.

కాకినాడ_కుంచె
బాంబూ వద్దు. కొత్త వేకామ్ డ్రైవర్లు ఆ తరం పలకల్ని గుర్తించవు, పాత డ్రైవర్ వెతికి వేయాలి. రేపు విండోస్ మార్చితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్యువోస్ సీటీఎల్-4100 వాడినది దొరికితే తీసుకోవచ్చు. 4096 లెవెల్స్, నాలుగు బటన్లు, పలక సైజు సీటీఎల్-472 అంతే.
పెన్ను లేకుండా పలక ఒక్కటే అమ్మేవాళ్లుంటారు, జాగ్రత్త. పెన్నులు ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి పనిచేయవు. వేకామ్‌లోనే ఇంట్యువోస్ ప్రోకి వచ్చిన ప్రో పెన్ 2 ఈ మామూలు ఇంట్యువోస్ మీద పనిచేయదు.

కేబుల్_చిట్టి
వాడినదాన్ని చూసే పద్ధతి ఇది. నాలుగు అంచుల వెంబడీ పెన్ను నడిపించండి, ఎక్కడైనా కర్సర్ ఆగితే వద్దు. గీస్తూ ఉండగానే తీగని సాకెట్ దగ్గర మెల్లగా కదపండి, టింగ్ మని డిస్కనెక్ట్ చప్పుడు వస్తే వద్దు. పెన్ను గాల్లో ఉండగానే గీత పడుతుంటే లోపలి ప్రెషర్ భాగం పోయినట్టు. నిబ్ (పెన్ను మొన) పీకి మళ్లీ పెట్టినా అలాగే ఉంటే వద్దు. పలక మీద గీతలు, మెరుపులు ఉంటే పర్లేదు, పైన షీటు వేసుకోవచ్చు.

సున్నాచుట్టు
ఏ షీటు?

బొమ్మలక్క
జిరాక్స్ షాపులో దొరికే ఓహెచ్‌పీ షీటు, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. పలక సైజుకి కత్తిరించి అంచుల్లో సెల్లోటేపు. మరీ జారినట్టుంటే మామూలు ఏ4 కాగితం వేసినా పనిచేస్తుంది, కాకపోతే కాగితం నిబ్‌ని తొందరగా తినేస్తుంది. నిబ్ కొన ఒకవైపు అరిగి ఉలిలా పదునెక్కితే వెంటనే మార్చాలి, లేదంటే ఆ అంచే పలకని గీరుతుంది. డబ్బాలో అదనపు నిబ్‌లు, తీసే రింగు వస్తాయి. మూడు కంపెనీలూ ఇస్తాయి.

కొత్తచేయి
నాకు కంప్యూటర్ లేదు. ఫోనుకి పెట్టి ఐబిస్ పెయింట్‌లో గీయొచ్చా?

బొమ్మలక్క
ఆండ్రాయిడ్ ఫోను ఓటీజీ (ఫోనుకి యూఎస్‌బీ పరికరం తగిలించడం) సపోర్ట్ చేస్తే, పలక కూడా ఆండ్రాయిడ్ సపోర్ట్ అని రాసి ఉన్నదైతే గీయొచ్చు. కాకపోతే ఫోన్ నిలువుగా పట్టుకుంటే చాలా మోడళ్లలో పలకలో కొంత భాగమే పనిచేస్తుంది. అడ్డంగా పెట్టుకుంటే ఎక్కువ దొరుకుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లకి ఈ పలకలు పనిచేయవని అనుకోండి. ఫోనుతో మొదలుపెట్టేవాళ్లు పెద్ద పలక కొనడం దండగ, 6 × 4 అంగుళాలది చాలు.

పెంగ్విన్_ఉపాసన
లినక్స్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: వేకామ్ అయితే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, పెట్టగానే గీతలో ప్రెషర్ వస్తుంది. హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్‌లకి కంపెనీ డ్రైవర్లు ఉన్నాయి, అవి వద్దనుకుంటే ఓపెన్‌ట్యాబ్లెట్‌డ్రైవర్ వాడండి. అది విండోస్ మీదా నడుస్తుంది. ఒకేసారి రెండు డ్రైవర్లు మాత్రం ఉంచకండి.

లేయర్‌మాస్క్
విండోస్ డ్రైవర్ల గురించి కూడా చెప్పండి. ఫొటోషాప్‌లో ప్రెషర్ రావట్లేదని చాలామంది రాస్తుంటారు.

పిక్సెల్_పంతులు
అది దాదాపు ఎప్పుడూ విండోస్ ఇంక్ దగ్గర తెగుతుంది. విండోస్‌లో పెన్ను సమాచారం ప్రోగ్రామ్‌కి చేరడానికి రెండు దారులున్నాయి, పాతది వింట్యాబ్, కొత్తది విండోస్ ఇంక్. డ్రైవర్ ఒక దారిలో పంపి, ప్రోగ్రామ్ ఇంకో దారిలో ఎదురుచూస్తే కర్సర్ కదులుతుంది కానీ ప్రెషర్ రాదు.
ఫొటోషాప్ మామూలుగా చూసేది విండోస్ ఇంక్ వైపు. అందుకే డ్రైవర్ సెట్టింగుల్లో విండోస్ ఇంక్ టిక్ ఉండాలి. లేకపోతే బ్రష్ సెట్టింగ్స్‌లో పెన్ ప్రెషర్ పక్కన హెచ్చరిక త్రికోణం కనిపిస్తుంది. అది చూడగానే కారణం ఇదేనని పట్టుకోవచ్చు.
ఇంక్ ఆన్ చేశాక కొన్ని మెషీన్లలో గీత మొదట్లో ఆలస్యం, పెన్ను ఆన్చి ఉంచితే ఒక వలయం తిరిగి రైట్ క్లిక్ మెనూ రావడం ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్, పెన్ అండ్ టచ్, అక్కడ ప్రెస్ అండ్ హోల్డ్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి టిక్ తీసేయండి. చాలామందికి అంతటితో తీరిపోతుంది.
తీరకపోతే ఫొటోషాప్‌నే వింట్యాబ్ దారికి మళ్లించాలి. నోట్‌ప్యాడ్‌లో ఒకే లైను: యూజ్‌సిస్టమ్‌స్టైలస్ 0. మూడు ఇంగ్లీషు పదాలూ కలిపి, ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది, తర్వాత ఒక ఖాళీ, సున్నా. పీఎస్‌యూజర్‌కాన్ఫిగ్ అనే పేరుతో టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేయాలి, ఇక్కడ కూడా ఖాళీల్లేవు, పీ, ఎస్, యూ, సీ పెద్దక్షరాలు. దాన్ని యాప్‌డేటాలో రోమింగ్, అడోబీ, మీ ఫొటోషాప్ వెర్షన్, దాని లోపల ఉన్న సెట్టింగ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ తర్వాత డ్రైవర్‌లో విండోస్ ఇంక్ టిక్ తీసేసి ఫొటోషాప్ మూసి తెరవాలి. ఫైలు ఉండి టిక్ కూడా ఉంటే మళ్లీ గందరగోళమే.

బొమ్మలక్క
క్రిటాకి ఫైలు గొడవ లేదు. సెట్టింగ్స్, కాన్ఫిగర్ క్రిటా, ట్యాబ్లెట్ సెట్టింగ్స్. అక్కడ వింట్యాబ్, విండోస్ ఇంక్ రెండూ ఉంటాయి, డ్రైవర్‌లో ఏది పెట్టారో అదే ఎంచి క్రిటా మూసి తెరవాలి. ప్రెషర్ కర్వ్ (ఎంత నొక్కితే ఎంత గీత పడాలో చెప్పే సెట్టింగ్), ట్యాబ్లెట్ టెస్టర్ కూడా అక్కడే. @లేయర్‌మాస్క్ మీరు రెండు ప్రోగ్రాములూ వాడతారు కాబట్టి రెండింటినీ ఒకే దారిలో ఉంచండి. ఒకటి ఇంక్, ఒకటి వింట్యాబ్ అని పెడితే ప్రతిసారీ డ్రైవర్ తెరిచి టిక్ మార్చాల్సి వస్తుంది.

కేబుల్_చిట్టి
కంపెనీ మారేటప్పుడు పాత డ్రైవర్ తీసేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు కొత్తది వేయాలి. తీసినా ప్రెషర్ రాకపోతే పాత వింట్యాబ్32 డీఎల్ఎల్ ఫైలు సిస్టమ్32లోనో, సిస్‌వావ్64లోనో మిగిలి ఉంటుంది. రెండు చోట్లా పేరు మార్చి కొత్త డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

డల్లాస్_డూడుల్
మ్యాక్ వాళ్ల కోసం ఒక లైను: డ్రైవర్ వేశాక సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి యాక్సెసిబిలిటీ, ఇన్‌పుట్ మానిటరింగ్ రెండింట్లో డ్రైవర్‌కి అనుమతి ఇవ్వాలి. ఓఎస్ అప్‌డేట్ తర్వాత పెన్ను ఆగిపోతే లిస్టులోంచి తీసేసి మళ్లీ కలపండి. టిక్ తీసి పెట్టడం ఒక్కోసారి సరిపోదు.

సున్నాచుట్టు
లెటరింగ్ చేసేవాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన సెట్టింగ్ ఎవరూ చెప్పలేదు. ఈ పలకలన్నీ 16:10. మన మానిటర్లు 16:9. డ్రైవర్ మామూలుగా పలక మొత్తాన్ని స్క్రీన్ మొత్తానికి సాగదీస్తుంది. డెకో 01 లెక్క తీస్తే అడ్డంగా 1920ని 254తో భాగిస్తే మి.మీ.కి 7.56 పిక్సెళ్లు, నిలువుగా 1080ని 159తో భాగిస్తే 6.8. అంటే చేత్తో గుండ్రంగా తిప్పిన సున్నా స్క్రీన్ మీద 11 శాతం వెడల్పుగా, కోడిగుడ్డు పడుకున్నట్టు వస్తుంది. బొమ్మల్లో ఇది పట్టుబడదు, తెలుగు అక్షరంలో వెంటనే పట్టుబడుతుంది. చేతికి తప్పు అలవాటై, రేపు కాగితం మీద రాస్తే అక్షరం సన్నబడుతుంది.
వేకామ్‌లో ఫోర్స్ ప్రపోర్షన్స్, మిగతావాటిలో వర్కింగ్ ఏరియా దగ్గర స్క్రీన్ నిష్పత్తి అన్న బటన్ నొక్కాలి. కింద కొంచెం పలక పనిచేయకుండా పోతుంది. డెకోలో 159 కాస్తా 143 అవుతుంది, సీటీఎల్-472లో 95 కాస్తా 85. పోనివ్వండి.
సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే పలక మీద ఒక గాజు పెట్టి లోపలి అంచు వెంబడి పెన్ను తిప్పండి. స్క్రీన్ మీద గుండ్రమేనా, స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి. మట్టి గాజో, ప్లాస్టిక్ గాజో వాడాలి. లోహపుది అయితే పంతులు గారు చెప్పినట్టు కర్సర్ చెదురుతుంది.

ఓరుగల్లు_రీటచ్
గాజు ఉపాయం మంచిగుంది అన్నా. రెండు మానిటర్లున్నోళ్లకి ఇంకోటి: డ్రైవర్‌ల మ్యాపింగ్ ఒక్క మానిటర్‌కే పెట్టుండ్రి. రెండింటికీ కలిపి వదిలేస్తే పలక చెరి సగం అయితది. లేయర్‌మాస్క్ గారు, ల్యాప్‌టాప్ పక్కన 24 పెట్టినంక మీకు ఇదే ఎదురైతది.

లేయర్‌మాస్క్
నోట్ చేసుకున్నా. డబ్బా ఇంటికొచ్చాక, వెనక్కిచ్చే గడువు లోపల ఏమేం పరీక్షించాలి? పంతులు గారు మొదట రాసిన నొక్కుడు, వణుకు ఎలా కొలవాలి?

పిక్సెల్_పంతులు
నొక్కుడుకి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. పలకని త్రాసు మీద పెట్టి, తీగ లాగకుండా వదులుగా ఉంచి, సున్నా చేయండి. క్రిటాలో గట్టి అంచు బ్రష్ తీసుకుని, సైజుకి ప్రెషర్ పెట్టి, పెన్నుని నిటారుగా, చాలా మెల్లగా దించుతూ గీత మొదట కనపడినప్పుడు ఎన్ని గ్రాములో చూడండి. 5 లోపు వస్తే చాలా బాగుంది. 10 దాకా సర్దుకోవచ్చు. 15 దాటితే మెత్తటి షేడింగ్ చేయలేరు, చర్మం పనికి అసలు పనికిరాదు, మార్పించుకోండి. కర్వ్ మార్చితే పోదా అంటారు, పోదు. గీతే మొదలవని చోట కర్వ్ ఏమీ చేయలేదు.
వణుకుకి, పలక మీద ప్లాస్టిక్ స్కేలు ఏటవాలుగా పెట్టి, స్మూతింగ్ పూర్తిగా ఆపేసి, చాలా నెమ్మదిగా గీయండి. అలలు ఒకే ఎడంలో, ప్రతిసారీ అదే చోట వస్తే పలకది. ఒక్కోసారి ఒక్కోలా వస్తే చేతిది, స్టెబిలైజర్‌తో సర్దుకుంటుంది. స్కేలు వివిధ కోణాల్లో తిప్పి చూడాలి, నిలువు అడ్డం గీతల్లో ఈ లోపం కనపడదు.

కాకినాడ_కుంచె
ఇందుకే వేకామ్ అన్నది. ఆ నొక్కుడు, ఆ ఏటవాలు గీత, రెండింట్లో సీటీఎల్-472 నాకు ఎప్పుడూ చక్కగా వచ్చింది. సైజు తగ్గినా గీత శుభ్రంగా ఉంటుంది.

బొమ్మలక్క
అది నిజమే, కాదనను. కానీ 24 అంగుళాల మానిటర్ మీద 152 మి.మీ.తో మోచేతి గీత గీయలేం, ఆ గీత ఎంత శుభ్రంగా ఉన్నా. బొమ్మలు రోజూ వేసేవాళ్లకి నేను సైజుకే ఓటు వేస్తా. డెకో 01 వీ2లో టిల్ట్ 60 డిగ్రీలు కూడా ఉంది, పెన్సిల్ పడుకోబెట్టి షేడ్ చేసినట్టు క్రిటా పెన్సిల్ బ్రష్‌లు పనిచేస్తాయి. సీటీఎల్-472లో, హెచ్640పీలో టిల్ట్ లేదు.

ఓరుగల్లు_రీటచ్
టిల్ట్ రీటచింగ్‌కి అవసరం లేదు. దానికి కావలసింది ఫ్లో, అంటే బ్రష్ నుంచి రంగు ఎంత మెల్లగ దిగాలె అన్నది. ఇది రాసిపెట్టుకోండ్రి.
రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి వెలుగుకి, ఒకటి నీడకి. రెండు మాస్కులూ కంట్రోల్+ఐ తోటి నలుపు చేయాలె. తెల్ల రంగు మెత్తటి బ్రష్, ఒపాసిటీ 100, ఫ్లో 3 నుంచి 5. బ్రష్ సెట్టింగ్స్‌ల ట్రాన్స్‌ఫర్‌కి పోయి ఫ్లోకి పెన్ ప్రెషర్, షేప్ డైనమిక్స్‌ల సైజుకి ఆఫ్. సైజు కూడా ప్రెషర్‌కి వదిలితే నొక్కినకాడ వెడల్పు మచ్చ, వదిలినకాడ సన్నటి మచ్చ, చర్మం అతుకులు పడ్డట్టు కనిపిస్తది. ఒకటే సైజుల మెల్లగ పొరలు పొరలుగ వేస్తే పసుపు పెట్టిన ముఖం మీద కూడా తేటగ కలుస్తది.
పూలజడ మాస్క్‌కి దీనికి ఉల్టా. అక్కడ సైజుకి ప్రెషర్ ఆన్, 2, 3 పిక్సెళ్ల గట్టి బ్రష్, ఫ్లో 100. వెంట్రుక మొదలు నుంచి కొసకి ఒక్క ఊపుల లాగి చివర్ల పెన్ను లేపాలె, కొస సన్నగ వస్తది. మచ్చలు తీసేటప్పుడు కొత్త ఖాళీ లేయర్ మీద, శాంపిల్ కరెంట్ అండ్ బిలో పెట్టి హీలింగ్. ఈ రెండు బ్రష్‌లని ప్రీసెట్లుగ సేవ్ చేసి పెట్టుకోండ్రి, ప్రతి ఫొటోకి సెట్టింగ్ మార్చుడు ఉండదు.

పెంగ్విన్_ఉపాసన
గింప్ వాడేవాళ్లకి: ఎడిట్ మెనూలో ఇన్‌పుట్ డివైసెస్ తెరిచి పెన్ను మోడ్ స్క్రీన్ అని పెట్టాలి, డిసేబుల్డ్ అని ఉంటే ప్రెషర్ రాదు. ఆ తర్వాత బ్రష్ డైనమిక్స్‌లో ప్రెషర్ ఒపాసిటీ ఎంచుకోవాలి. డార్క్‌టేబుల్‌లో కూడా బ్రష్ మాస్కులకి పెన్ ప్రెషర్ ఆప్షన్ ప్రిఫరెన్సెస్‌లో ఉంది.

కొత్తచేయి
స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్ అయితే ఇవన్నీ ఉండవు కదా? చూస్తూ దాని మీదే గీయొచ్చు.

పిక్సెల్_పంతులు
ఈ డ్రైవర్ సెట్టింగులన్నీ దానికీ ఉంటాయి, పైగా హెచ్‌డీఎమ్ఐ, యూఎస్‌బీ, కరెంటు తీగలు, రంగుల క్యాలిబ్రేషన్ తోడవుతాయి. ధర నాలుగైదు రెట్లు. ఫొటోల పనికి ఆ డబ్బు మంచి ఐపీఎస్ మానిటర్ మీద పెడితే చర్మం రంగు సరిగ్గా కనపడుతుంది, అదే ఆల్బమ్‌లో తేడా చూపిస్తుంది. పలకకి రంగుతో సంబంధం లేదు, అది మానిటర్ పని.

లేయర్‌మాస్క్
టేబుల్ కొలిచాను. కీబోర్డు వెనక్కి జరిపితే 35 సెంటీమీటర్లు పడుతోంది. డెకో 01 వీ2కే వెళ్తున్నా, త్రాసు, స్కేలు, గాజు మూడు పరీక్షలూ డబ్బా విప్పిన రోజే. వాటిలో తప్పితే వెనక్కిచ్చేసి సీటీఎల్-472. ఒక్క సందేహం మిగిలింది. నాది ఎడమచేతి వాటం. బటన్లు ఎడమ వైపే ఉన్నాయి కదా?

బొమ్మలక్క
పలకని 180 డిగ్రీలు తిప్పి పెట్టి, డ్రైవర్‌లో రొటేషన్ కూడా 180 పెట్టండి. కొన్ని వెర్షన్లలో లెఫ్ట్ హ్యాండ్ అని ఉంటుంది. అప్పుడు బటన్లు కుడి చేతి కిందకి వస్తాయి. తిప్పాక బటన్ల వరస తలకిందులవుతుంది, పైది కిందికి పోతుంది, కాబట్టి ముందు తిప్పి ఆ తర్వాతే బటన్లకి పనులు కేటాయించండి. తీగ ఏ వైపుకి వస్తుందో కూడా చూసుకుని, చిట్టి చెప్పిన టేపు చివరగా వేయండి.